మగకూలి

ఇర్పా వారింట్లో ఆ ఏడు ఇంటర్ గట్టెక్కినవాళ్లు ఇద్దరు. రాజు ఏడాది పెద్దవాడే. కానీ తండ్రి దూలయ్య తాటిచెట్టు మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు ఇంటిపని మీద పడి, అతని చదువు ఒక ఏడు వెనక్కి జరిగింది. అలా చెల్లెలు యశోదతో సమానంగా వచ్చి నిలబడ్డాడు. చర్ల దాటి, పోలీసు క్యాంపు దాటి, వాగుకి అవతల ఉన్న ఆ ఊళ్లో సిగ్నల్ దొరికేది నీళ్ల ట్యాంకు దగ్గరే. అన్నాచెల్లెళ్లు ట్యాంకు మెట్ల మీద కూర్చుని ఒకే ఫోన్లో ఇద్దరి మార్కులూ చూసుకున్నారు. యశోదకి చాలా బాగా వచ్చాయి. రాజువీ తీసిపారేసే మార్కులు కావు.

ఎవరు కాలేజీకి వెళ్లాలి, ఎవరు ఇంటి దగ్గర ఉండాలి అని ఆ ఇంట్లో ఎవరూ కూర్చుని తేల్చలేదు. తొలకరి పడగానే చర్లలో ఉండే రైతు వెంకటరామారావు మనిషి చేత కబురు పంపాడు, పత్తి గింజలు పెట్టాలి, మిరప నారు పోయాలి, రాజుని రమ్మని. అదే వారంలో యశోదకి భద్రాచలం డిగ్రీ కాలేజీలో సీటూ, ఆడపిల్లల హాస్టల్లో చోటూ దొరికాయి.

"బువ్వ వాళ్లే పెడతరట," అంది తల్లి చిన్నక్క, అన్నం వారుస్తూ. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది కోయ మాటే. తెలుగు బయటివాళ్లతోనూ, బడిలోనూ.

"ముందు చెల్లె పోనీ," అన్నాడు రాజు. "నా సంగతి నేను మల్ల చూసుకుంట."

దూలయ్య గోడకి చేరబడి, పనికిరాని కాలు చాపుకుని, కొడుకు వైపు మెచ్చుకోలుగా చూశాడు. మర్నాడు ఊళ్లో పెద్దలు కూడా, అన్నంటే నువ్వురా, ఆడపిల్లను చదివిస్తున్నవ్ అన్నారు. ఆ మాట రాజుకి బాగా ఎక్కింది. పొలంలో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా దాన్ని తలుచుకునేవాడు.

చేర్పించడానికి భద్రాచలం తనే తీసుకెళ్లాడు. రేకు పెట్టె మోసుకుంటూ ఆర్టీసీ బస్సు దిగి, ముసురులో నడుచుకుంటూ కాలేజీ చేరేసరికి ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. ఆఫీసు గదిలో కూర్చున్నాయన రాజు వైపే చూసి, "తమ్ముడూ, ఏ గ్రూపు?" అని అడిగాడు.

"నాది కాదు సార్. మా చెల్లెది."

"మరి నీది?"

రాజు పెట్టెని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "నేను పని చేస్తున్న సార్."

ఆయన తలూపి కాగితాలు యశోద ముందుకి జరిపాడు. సంరక్షకుడు అని ఉన్నచోట రాజు సంతకం పెట్టాడు. వరండాలో ఎటు చూసినా అమ్మాయిలే. మగపిల్లలు అక్కడొకడూ ఇక్కడొకడూ కనిపించారు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక, కనిపించిన ఆ మగపిల్లల్ని వేళ్ల మీద మరోసారి లెక్కపెట్టుకున్నాడు.

*

వానలు తగ్గి మిరప తోటలు నిలదొక్కుకున్నాక మందు కొట్టే పని మొదలైంది. వీపుకి తగిలించుకునే తైవాన్ పంపు ఇంజను నడుస్తుంటే వెన్నెముక పొడుగునా దడదడమంటుంది. మందు నీళ్లు నిండా పోస్తే నడుం వంగిపోతుంది. కళ్లు మండుతాయి. సాయంత్రం ఎంత తోముకున్నా అన్నం ముద్దలో ఆ వాసన పోదు. అందుకే ఆ పనికి కూలి ఎక్కువ. అది మగవాళ్ల పని. కలుపు తీయడం, నాట్లు, కాయ ఏరడం ఆడవాళ్ల పనులు. వాళ్ల కూలి మగకూలిలో సగం. చిన్నక్క ఆ సగం కూలికే వంగి వంగి ఇద్దరు పిల్లల్ని పెంచింది.

దసరా సెలవులకి యశోద ఇంటికొచ్చింది. జడ వేసుకునే తీరు మారింది. తెలుగు మాట్లాడితే మునుపటిలా తడుముకోవడం లేదు. ఓ సాయంత్రం పెరట్లో జొన్నకంకులు కొడుతూ కాలేజీ కబుర్లు చెప్పింది.

"అన్నా, మాకు ఎకనామిక్స్ చెప్పే శ్యామల మేడమ్ ఒకనాడు అడిగింది. ఈ క్లాసుల ఆడపిల్లలు ఇంతమంది, మగపిల్లలు ఇంత తక్కువ, ఎందుకంటరు అని."

"ఏం చెప్పిండ్రు?"

"ఆడపిల్లలు మంచిగ చదువుతరని ఒకరు. ఇప్పుడు తల్లిదండ్రులు మారిండ్రని ఒకరు. మగపిల్లలకు ఫోన్ల పిచ్చి అని ఒకరు. అందరం నవ్వినం."

"నువ్వేమన్నవ్?"

"నేనేం అనలే." కంకి పక్కన పెట్టి అన్న మొహంలోకి చూసింది. "నాకు తెలుసు నేనెందుకు పోయిన్నో. నా కూలి తక్కువ. నువ్వు ఇంటికాడ ఉంటే మగకూలి వస్తది. నేనుంటే అందుల సగం. ఆ సగం లేకున్నా ఇల్లు నడుస్తది. నీది లేకుంటే నడవది. గందుకే నన్ను పంపిండ్రు."

రాజు చేతిలో కర్ర ఆగిపోయింది. "నేను వదులుకున్న గద చెల్లె."

"వదులుకున్నవ్. కాదంటలేను. నా కూలి నీ కూలంత ఉంటే గూడ వదులుకుందువా అని అడుగుతున్న."

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. లెక్క సరిపోయిందా అని అడిగినట్టు అడిగింది. అందుకే రాజుకి ఎక్కువ నొప్పి కలిగింది. ఇన్నాళ్లూ తన లోపల ఒక దీపంలా పెట్టుకున్న మాటని ఎవరో మామూలుగా ఊదేసినట్టయింది. వదులుకుందును అని చెప్పబోయాడు. నిజమో కాదో తనకే తెలియక మానుకున్నాడు.

*

మందు కొట్టేవాళ్లలో ఒకతనికి చలిజ్వరం వచ్చి పడుకున్నాడు. మిరప ఆకు ముడుచుకుపోతోంది. నల్ల తామర పురుగు పక్క చేలల్లోకి దిగిందని వెంకటరామారావు గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ, మనుషుల కోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. ఆ సంగతి రాజు ఇంట్లో చెప్పగానే యశోద, "నేనొస్త పంపుకు," అంది.

చిన్నక్క ఒప్పుకోలేదు. "విషం అది. రేపు పెండ్లయ్యి పిల్లలు పుట్టేటిదానివి."

"అన్నకు పుట్టరా పిల్లలు?"

చిన్నక్క అప్పటిదాకా కొడుకు గురించి అలా అనుకోలేదని ఆమె మొహం చూస్తే తెలిసిపోయింది.

రాజుది ఒక పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని, మొహానికి తువ్వాలు చుట్టుకుని యశోద చేలోకి దిగింది. మొదటిరోజు పంపు పట్టీలు భుజాలు కోసేశాయి. సాలు మధ్యలో తూలి, ఓసారి చతికిలబడింది కూడా. కలుపు తీస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి చూశారు. రాజు తన సాలు తొందరగా ముగించుకుని ఆమె సాలులోకి ఎదురెళ్లేవాడు. మర్నాడు, "రాకు అన్నా, నా సాలు నేనే కొడత," అంది. ఆ వారం మధ్యకొచ్చేసరికి ఆమె అతనితో సమంగా నడుస్తోంది. ఇంకా చెప్పాలంటే ఆకు అడుగున మందు పడేలా గొట్టం తిప్పి కొట్టడం ఆమెకే బాగా వచ్చింది.

ఓ మధ్యాహ్నం రైతు కూతురు ప్రసూన స్కూటీ మీద పనివాళ్లకి టీ తెచ్చింది. మందు వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నా, గ్లాసులు ఇచ్చి వెళ్లిపోకుండా యశోద పక్కన గట్టు మీద కూర్చుంది.

"భద్రాచలం కాలేజీలో చదువుతున్నావంట కదా. క్లాసులు రోజూ జరుగుతాయా?"

"జరుగుతయ్ అక్కా."

"లైబ్రరీ ఉందా? అందులో కూర్చుని చదువుకోనిస్తారా?"

ఉందని, సాయంత్రం దాకా కూర్చోవచ్చని యశోద చెప్పింది. హాస్టల్ గదిలో ఎంతమంది, ఆదివారాలు గోదావరి ఒడ్డుకి వెళ్లనిస్తారా, అన్నీ అడిగింది ప్రసూన. ఆమె ఇంటర్ మార్కులు చర్లలో అందరికీ తెలుసు. ఆమె పాసైన ఏడు ఆ చుట్టుపక్కల ఆమెవే ఎక్కువ.

"మరి మీరు అక్కా?" అంది యశోద.

"ఇంట్లోనే ఉండి డిగ్రీ ప్రైవేటుగా కడుతున్నాను. మా తమ్ముడు వెంకటకృష్ణకి హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ సీటు కొనాల్సి వచ్చింది కదా. ఇద్దరికీ అంటే నాన్నకి కష్టం." ఖాళీ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెడుతూ, "నాకు ఇల్లు చాల్లే అన్నారు," అంది.

స్కూటీ మలుపు తిరిగిపోయేదాకా రాజు అటే చూశాడు. పెద్ద డాబా, కారు, బోర్లు ఉన్న ఇంటి పిల్ల తన చెల్లెల్ని చూసి ఆశపడుతుందని అతను కలలో కూడా అనుకోలేదు. వాళ్లింట్లో డబ్బు పెట్టాల్సి వస్తే కొడుకు మీద పెట్టారు. తమ ఇంట్లో డబ్బు తేవాల్సి వస్తే కొడుకుని ఆపారు. రెండిళ్లలోనూ ఆడపిల్లని పక్కన పెట్టే లెక్క వేశారు. తమ ఇంట్లో మాత్రం ఆ పక్కన కాలేజీ ఉంది, అంతే.

*

సంత ముందురోజు సాయంత్రం కూలి ఇచ్చారు. వెంకటరామారావు అరుగు మీద కుర్చీ వేసుకుని ఒక్కొక్కరినే పిలిచాడు. రాజుకి మగకూలి లెక్కన ఇచ్చాడు. యశోదకి ఇచ్చింది అందులో సగం.

చెల్లెలి చేతిలో నోట్లు చూసి రాజు కదలకుండా అక్కడే నిలబడ్డాడు. ఈ మనిషే తన తండ్రి చెట్టు మీంచి పడ్డరోజు కారులో వేసుకుని భద్రాచలం దవాఖానాకి తీసుకెళ్లాడు. ఆ సీటు మీద మరకలు పడినా ఒక్కమాట అనలేదు. ఆ ఉపకారం గుర్తొస్తే మాట లోపలికే పోతోంది. అయినా అన్నాడు.

"బాబుగారూ, చెల్లె కలుపు తీయలే. పంపు కొట్టింది."

"కొట్టింది, కాదనను. ఆడకూలి ఆడకూలేగా రాజూ. ఈ పిల్లకి ఎక్కువిస్తే రేపు కలుపువాళ్లంతా వచ్చి కూర్చుంటారు. నా సంగతి కూడా చూడాలిగా."

"నేను కొట్టిన సాళ్లల పురుగు బతికిందా బాబుగారూ?" అంది యశోద మెల్లగా.

వెంకటరామారావు ఆమె వైపు చూశాడు. చిన్నపిల్లని కసరలేక తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. గుమ్మంలో ఆయన భార్య సుబ్బరత్నం, వెనక ప్రసూన నిలబడి వింటున్నారు.

రాజు తనకి ఇచ్చిన నోట్లలో సగం తీసి అరుగు మీద పెట్టాడు. "మరి నాకు గూడ ఆడకూలే ఇయ్యిండ్రి. ఇద్దరం ఒక్కతీరు పనే చేసినం."

అందులో పౌరుషమేమీ లేదు. సోమవారం నుంచి పనికి రానక్కర్లేదంటే ఇంట్లో ఏం చెప్పాలా అని అప్పుడే వెతుక్కుంటున్నాడు.

వెంకటరామారావు గుమ్మం వైపు ఒకసారి చూసి, ఆ నోట్లు తీసి రాజు చేతిలోనే పెట్టి, యశోదకి మిగతా సగం కూడా ఇచ్చాడు. "ఈ దఫాకి ఇస్తున్నా. ఊరంతా చాటకండి," అని లోపలికి వెళ్లిపోయాడు. ప్రసూన మాత్రం గుమ్మంలోనే ఉండిపోయింది.

ఇంటికి పోయే దారిలో అన్నాచెల్లెళ్లకి నవ్వు ఆగలేదు. క్యాంపు దగ్గర జవాను ఎక్కడికని ఆపితే కూడా నవ్వుతూనే జవాబిచ్చారు. వాగు దాటాక యశోద చెప్పులు చేతిలో పట్టుకుని పరుగెత్తింది.

దూలయ్య అంతా శ్రద్ధగా విన్నాడు. మధ్యలో ఒకట్రెండుసార్లు నవ్వాడు కూడా. విన్నాక కాసేపు తుంటి రాసుకుంటూ ఉండి, "అయితే బిడ్డ కూలి గూడ నీ అంతనే," అన్నాడు.

"అవ్ అయ్యా."

"నేనంటున్న ఏందంటే..." దూలయ్య మాటలు వెతుక్కున్నాడు. "మిరప ఏరుడు అయ్యేదాక యశోద ఇంటికాడ్నే ఉంటే ఎట్లుంటది? ఇద్దరూ గిట్ల తెస్తే నా తుంటికి ఆపరేషన్ చేపియ్యొచ్చు. కప్పు మీద పట్టా తీసి రేకులెయ్యొచ్చు. కాలేజి యాడికి పోతది? వచ్చే ఏడు గూడ అక్కడ్నే ఉంటది గద."

దూలయ్య చెడ్డవాడు కాదు. పదిమందిలో కూతురి మార్కులు చెప్పుకుని మురిసిన మనిషే. నొప్పితో మూడేళ్లుగా పక్క మీద దొర్లుతున్నవాడికి ఆ కూలి మాట వినగానే ఆశ పుట్టింది. ఆ ఆశ తప్పని ఎవరంటారు?

యశోద చటుక్కున అన్న వైపు చూసింది. రాజుకి అప్పుడు అర్థమైంది. పిల్ల కూలి సగం ఉన్నంతకాలం కాలేజీ తలుపు తెరిచే ఉంది. కూలి సమానం అవగానే, ఆ సాయంత్రమే, ఆ తలుపు మూయబోతున్నారు. మూయించిందీ తనే, చెల్లెలి కోసం అరుగు మీద డబ్బు పెట్టి. పెరట్లో ఆమె అడిగిన ప్రశ్న ఇప్పుడు ఇంటి మధ్యకొచ్చి నిలబడింది.

"అయ్యా," అన్నాడు, "తొలకర్ల చెల్లెను పంపినప్పుడు దాని కూలి తక్కువని పంపినం. నేను గొప్ప పని చేసిన్ననుకున్న. ఊరోళ్లు అంటే నమ్మిన. అది లెక్క. గంతే."

"నేను గట్ల అనలే బిడ్డా."

"ఎవరం అనలే. ఇప్పుడు అనుకుందాం. దాని కూలి ఎంతున్నా అది పోతది. చదువుతది గనుక పోతది. నాకంటే ఎక్కువ తెచ్చినా పోతది."

"మరి నా తుంటి?"

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. అంతసేపూ వంచిన తల ఎత్తకుండా కూర్చున్న చిన్నక్క పొగకి కళ్లు తుడుచుకుని, "ఆ పంపు నిండ నీళ్లు పోస్తే ఎంత బరువుంటది?" అని అడిగింది.

"ఎందుకమ్మా?" అన్నాడు రాజు.

"నీళ్ల బిందె మీద బిందె పెట్టుకుని వాగు ఎక్కినదాన్ని. యశోద మోసింది నేను మోయలేనా? పెండ్లయిన కాడ్నించి సగం కూలికి వంగుతున్న." అని భర్త వైపు తిరిగింది. "తుంటి సంగతి చూద్దాం. పిల్లను ఆపకు."

ఆ ఇంట్లో చిన్నక్క అంత పొడుగు మాట మాట్లాడటం అరుదు. దూలయ్య "అంత మందు నీ కండ్లకు పడదే," అన్నాడు గొణుగుతూ. అది ఒప్పుకోవడమేనని అందరికీ తెలుసు.

*

సెలవులు అయిపోగానే యశోద భద్రాచలం వెళ్లిపోయింది. బస్సు కోసం నిలబడ్డప్పుడు, "నేను అనకుండ ఉండాల్సింది అన్నా, ఆ కూలి మాట," అంది.

"అన్నందుకే మంచిదైంది."

"మరి నీ చదువు?"

"చూద్దాం," అన్నాడు రాజు. అలాంటి మాటే జూన్‌లోనూ అన్నాడు. ఈసారి చెల్లెలు ఒప్పుకోలేదు. బస్సెక్కాక కూడా కిటికీలోంచి, "చూద్దాం అంటే ఎప్పుడు?" అని అడుగుతూనే ఉంది.

చిన్నక్క పంపెత్తుకుంది. మొదట్లో వెంకటరామారావు కుదరదన్నాడు. మనుషులు దొరకక వారం తిరిగేలోపు తనే కబురు పంపాడు. సంక్రాంతి నాటికి ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూడా పంపులు తగిలించుకున్నారు. ఆయన వాళ్లకి పూర్తి కూలే ఇచ్చాడు గానీ మగకూలి అనే మాట వాడలేదు. పంపు కూలి అన్నాడు. ఆ పేరు ఊళ్లో నిలిచిపోయింది. కలుపు కూలి మాత్రం మారలేదు.

అన్నీ బాగుపడ్డాయని చెప్పలేం. ఆ ఏడు మిరప ధర పడిపోయి చివరి ఏరుళ్లకి పనే తగ్గింది. కప్పు మీద పట్టా అలాగే ఉంది. దూలయ్య ఆపరేషన్ మరో ఏడాదికి జరిగింది. ఇప్పుడు కర్ర సాయంతో అడవంచున తమకున్న పోడు చేనికి కాపలా వెళుతున్నాడు. చిన్నక్కకి రాత్రిళ్లు కళ్లు మంట. తడిగుడ్డ వేసుకుని పడుకుంటుంది. అది చూస్తూ రాజుకి కాలేజీ మాట ఎత్తబుద్ధయ్యేది కాదు. ఇంకో సంగతి కూడా ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. చేతికి కూలి రావడం అలవాటైంది. సంతలో తనకి నచ్చింది కొనుక్కునే మగవాడయ్యాడు. మళ్లీ బెంచీ మీద కూర్చుని, చెల్లెలి కంటే ఒక క్లాసు కింద చదవడం అంటే సిగ్గనిపించేది.

ఆ ముడి విప్పింది తల్లే. ఆ సంక్రాంతి దాటిన మే నెలలో ఓ పొద్దున, పనికి పోయేముందు, "నువ్వు తెచ్చేది నేను తెస్తున్న," అంది మామూలుగా. "ఇంక నీకు అడ్డమేంది?"

ఏముందని చెప్పాలో తెలియక రాజు చర్ల వెళ్లి ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టాడు.

జూలైలో భద్రాచలం కాలేజీలో మొదటిరోజు క్లాసుకి వెళితే ఆడపిల్లల వరసలు నిండిపోయి కొందరు గోడ పక్కన నిలబడ్డారు. మగపిల్లల వైపు బెంచీలు సగానికి పైగా ఖాళీ. రాజు చివరి బెంచీలో, చండ్రుగొండ నుంచి వచ్చిన జయప్రకాశ్ అనే కుర్రాడి పక్కన కూర్చున్నాడు. ఖాళీ బెంచీలు చూస్తుంటే ఊరి నుంచి తనతో ఇంటర్ చదివినవాళ్లు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. రమణ హైదరాబాద్‌లో అపార్టుమెంటు వాచ్‌మన్. మరొకడు ఖమ్మంలో గ్రానైటు కోసే చోట. బాలకృష్ణ చర్లలో ట్రాక్టరు మీద. వాళ్లలో చదువు రానివాడు ఒక్కడూ లేడు.

"మీ ఊర్ల ఇంకెవరన్న చేరేటోళ్లున్నరా?" అని అడిగాడు జయప్రకాశ్. "ఇంకో విడత సీట్లు ఇస్తున్నరట. రేపటితోని ఆఖరు."

రాజు వరండాలోకి వచ్చి బాలకృష్ణకి ఫోన్ చేశాడు. రెండోసారికి ఎత్తాడు. వెనక ట్రాక్టరు హోరు.

"ఏందిరా?"

"కాలేజీల సీట్లున్నయ్. రేపే ఆఖరు. జల్దీ సర్టిఫికెట్లు తీస్కుని రా."

"దున్నుతున్న రా. సాయంత్రం చేస్త."

"సాయంత్రం గాదు, ఇప్పుడే ఇను. ఇంట్ల మీ అక్క ఉన్నదా? ఏం పని చేస్తున్నది ఇప్పుడు, కలుపా, పంపా?"

"అక్కెందుకురా?"

"చెప్త. ముందు ఇంజను బంద్ చెయ్యి."

అవతల హోరు కాసేపు అలాగే ఉంది. తర్వాత ఆగింది.